ఐదు వందల డెబ్బై మూడో డిగ్రీ

"సంతకం మీదేనా?"

"నాదే."

"లాట్ నంబరు?"

"నేనే రాశాను. తేదీ కూడా."

"పరీక్ష?"

"నేను చెయ్యలేదు."

డిటెక్టివ్ తలెత్తకుండా మూడు జవాబులనూ నోటు పుస్తకంలోకి ఎక్కించింది. మొదటి రెండూ ఒక వరసలో, మూడోది కాస్త ఎడంగా. పక్కన టైము వేసింది: తొమ్మిదీ నలభై. ఇరవై రెండేళ్లు తూనికలు కొలతల శాఖలో పనిచేసి, తూకంరాళ్ల అడుగున తొలిచిన గుంటలను వేలికొసతో తడిమి పట్టుకున్న మనిషి ఆమె. ఆ ఉద్యోగం వదిలి సొంతంగా నేరపరిశోధనలోకి దిగిన తరువాత కూడా పాత అలవాటు పోలేదు. ఎవరేం చెప్పినా ముందు తక్కెడలో పడేసి, ముల్లు ఎటు మొగ్గుతుందో చూస్తుంది.

ఎదురుగా కూర్చున్నావిడకు యాభై ఏడేళ్లు. ఈ పరీక్షాకేంద్రంలో ముప్పై ఒక్కేళ్లుగా టెక్నీషియన్. వాచ్‌మన్ మొదలు డైరెక్టర్ దాకా అందరూ ఆమెను అక్కయ్యగారనే పిలిచేవారు. రెండు రోజులుగా ఆ పిలుపు ఎవరి నోటా రావడం లేదు.

"నేనిప్పుడు సస్పెండైనదాన్నమ్మా. నా మాట ఎవరు వింటారు?"

"నేను వింటున్నానుగా. మీ ఆయన పదేళ్లుగా నా జాకెట్లు కుడుతున్నాడు. అరంగుళం తేడా రానివ్వని మనిషి. మొన్న విరిగిన చేతికి కట్టుతో వచ్చి, 'మా ఆవిడ దొంగ గీత గియ్యదండీ' అన్నాడు. ఆ గీతేదో చూద్దామనే వచ్చాను."

గీత బల్ల మీదే ఉంది. మూడో తేదీన ఈ గదిలో నలభై ఏడో లాట్ సిలికా ఇటుకల మీద జరిగిన పరీక్ష తాలూకు గ్రాఫు అది. ఇటుకలు మంచివని దాని ఆధారంగానే సర్టిఫికెట్ వెళ్లింది. నాలుగో తేదీన ఆ ఇటుకలతో కప్పు కట్టిన, గాజు కరిగించే కొలిమిని వెలిగించారు. ఆరో తేదీ మధ్యాహ్నం కొలిమి కప్పు కూలి, కింద ఉన్న మేస్త్రీకి రెండు కాళ్లూ విరిగాయి. ఏడో తేదీన బీమా కంపెనీ వచ్చి ఈ గదిలోని యంత్రానికి సీలు వేసింది. ఈరోజు తొమ్మిది. సాయంత్రం నాలుగింటికి విచారణ సంఘం కూర్చుంటుంది. అక్కయ్యగారిదే తప్పని తేలితే ఉద్యోగం ఊడుతుంది, ఆపైన ఫైలు పోలీసులకు వెళుతుంది.

"మూడో తేదీ పొద్దున్నించీ చెప్పండి. గడియారంతో సహా."

"ఎనిమిదీ నలభైకి వచ్చాను. రిజిస్టర్లో సంతకం పెట్టాను. ఇటుకలోంచి ముక్క కోసి డబ్బాలో పెట్టాను. గ్రాఫు కాగితం మీద లాట్ నంబరు, తేదీ, సంతకం వేసి మిషన్‌కి తగిలించాను."

"పరీక్ష కాకముందే సంతకమా?"

"ముప్పై ఏళ్లుగా అంతే. గీత పడకముందే కాగితం మీద సంతకం పడాలి. పడ్డాక పెడితే, ఎవరైనా వేరే కాగితం తెచ్చి నా ముందు పెట్టొచ్చు కదా." ఆమె చిన్నగా నవ్వింది. "మోసం జరక్కూడదని పెట్టుకున్న పద్ధతి. చూశారుగా, ఎంత బాగా పనిచేసిందో!"

"తరవాత?"

"తొమ్మిదీ అయిదుకి ఫోనొచ్చింది. మా ఆయన స్టూలు మీంచి పడ్డాడని. డైరెక్టర్ గారి గదికి పరిగెత్తాను. 'సెలవు కాగితం ఏమీ రాయక్కర్లేదు, ముందు వెళ్లమ్మా' అన్నారు. వెళ్లిపోయాను. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, 'లాట్ పని పూర్తయింది, నువ్వు వారం దాకా రానక్కర్లేదు' అన్నారు. ఎవరితోనో చేయించారనుకున్నాను. దేవుడిలాంటి మనిషి అనుకున్నాను కూడా."

బల్ల మీది గ్లాసులో నీళ్లు సన్నగా వలయాలు తిరుగుతున్నాయి. డిటెక్టివ్ వాటినే చూస్తూ ఉండిపోయింది. పెన్నుల డబ్బాలోని పెన్నులు కూడా వినీ వినబడనట్టు గలగలమంటున్నాయి.

"ఏమిటిది?"

"పక్క షెడ్డులో ఇనుము కొట్టే పెద్ద హామర్. ఆరింటికి మొదలై ఒంటిగంటకి ఆగుతుంది. అందుకే నేను ఒంటిగంటలోపు మిషన్ ముట్టుకోను. ఏ పరీక్షయినా ఒకటీ పదిహేనుకే."

ఆ మాట పూర్తవుతుండగానే తలుపు తెరుచుకుంది.

లోపలికి వచ్చినవారు ఇద్దరు. ముందున్న భారీ మనిషి డైరెక్టర్. వెనక ఉన్నది బీమా కంపెనీ దర్యాప్తు అధికారి, ఒకప్పటి పోలీసు. కంటికి కనిపించిన ప్రతి వస్తువుకూ లక్కతో సీలు వేస్తాడని ఆయనను అందరూ సీలు సారంటారు. ఇంట్లో పంచదార డబ్బాకు కూడా వేస్తాడని గిట్టనివాళ్లు చెప్పుకుంటారు.

"తక్కెడ మేడమా! ఇక్కడ తూచడానికి ఏముందండీ?" అన్నాడు సీలు సారు.

"మీ రిపోర్టుంది కదా. కాస్త తక్కువ తూగుతుందేమోనని."

"నా రిపోర్టుకేం, నిండు తూకం. రిజిస్టర్లో హాజరు సంతకం ఆవిడది. గ్రాఫు మీద సంతకం ఆవిడది. కూలిన కప్పులోంచి ఇటుక ముక్క తీసి వేరే చోట పరీక్ష చేయించాం. పనికిరాదని తేలింది. అంటే ఈవిడ వేరే మంచి ముక్క పెట్టి గీత గీసింది. ఇంకేం కావాలి?"

"ఆసుపత్రి చీటీ చూశారా? తొమ్మిదీ యాభైకి చేర్చుకున్నారు. పదకొండూ ఇరవైకి ఎక్స్‌రే. పన్నెండూ నలభై అయిదుకి కట్టు. మూడుచోట్లా ఈవిడ సంతకం ఉంది."

"చూశాను. అదే నేనూ చెప్పేది. ఆసుపత్రి ఇక్కడికి పది నిమిషాలు. పన్నెండూ నలభై అయిదుకి కట్టు అయింది, ఒకటీ పదిహేనుకి పరీక్ష మొదలైంది. సర్టిఫికెట్లో టైము చూడండి. ప్రారంభం ఒకటీ పదిహేను, ముగింపు నాలుగూ నలభై తొమ్మిది. చీటీ ఆవిడని కాపాడదు మేడం, ఇంకా ఇరికిస్తుంది."

"మా ఆయన్ని ఆటో ఎక్కించి నేరుగా ఇంటికే వెళ్లాను సార్," అన్నది అక్కయ్యగారు.

"సాక్షి ఎవరమ్మా? ఆటోవాడా, మీ ఆయనా?"

డైరెక్టర్ నొచ్చుకున్నట్టు తలాడించాడు. "నాకూ బాధగానే ఉంది. ఇన్నేళ్ల మనిషి. కానీ పొద్దున వెళ్లమని నేనన్నానని చెబుతోంది చూశారూ, అది మాత్రం అన్యాయం. ఆ రోజు తను నా గదికే రాలేదు." విజిటర్ల పుస్తకాన్ని డిటెక్టివ్ ముందుకు జరిపాడు. "లోపలికి వచ్చినవాళ్లు ఇందులో రాయాలండీ. రూలు రూలే."

పుస్తకాన్ని నొక్కి పట్టిన అతని కుడి బొటనవేలి మీద, ఎప్పుడో తెగిన పాత గాటు ఏటవాలుగా కనిపించింది. డిటెక్టివ్ సంతకం పెట్టి, టైము వేయబోయి ఆగింది.

గ్లాసులో వలయాలు లేవు. పెన్నులు ఊరుకున్నాయి. గోడ గడియారంలో సరిగ్గా పది.

"హామర్ ఆగిందేం?"

"టీ టైమమ్మా," అన్నది అక్కయ్యగారు. "పది నుంచి పదిన్నర దాకా. మళ్లీ ఒంటిగంట వరకూ ఆపరు."

"ఏం హామరు?" అన్నాడు డైరెక్టర్.

డిటెక్టివ్ అతనికేసి ఒక్క క్షణం చూసి, పుస్తకంలో పది అని వేసి, లేచింది. "సీలు తియ్యండి. యంత్రం చూడాలి."

"కమిటీ ఆర్డరు లేకుండా..." అని డైరెక్టర్ మొదలుపెట్టాడు. కానీ సీలు సారుకు తన సీలును తానే తీసి మళ్లీ వేసే అవకాశం పండగలాంటిది. అప్పటికే చాకు బయటికి తీశాడు. "వేసింది నేను. తీసేదీ నేనే. ఏడో తారీఖు పొద్దున తొమ్మిదింటి నుంచి దీన్ని ఈగ కూడా ముట్టుకోలేదు. దానికి నాదే పూచీ."

"ఆ మాట రాసుకుంటున్నాను," అన్నది డిటెక్టివ్.

డైలటోమీటర్ చూడటానికి గొప్ప వస్తువేమీ కాదు. బల్ల పొడవునా పడుకోబెట్టిన ఒక గాజు గొట్టం, దాని మీదికి పట్టాల మీద జరిగే చిన్న విద్యుత్ కొలిమి, ఈ చివర ఒక సూక్ష్మమైన ముల్లు, పక్కన గ్రాఫు గీసే పెన్ను. చేసే పని కూడా ఒక్కటే. వేడెక్కిన వస్తువు ఎంత పెరిగిందో చెబుతుంది. తల వెంట్రుక మందంలో ఎనభయ్యో వంతు పెరిగినా చెబుతుంది.

"వివరంగా చెప్పండి అక్కయ్యగారూ. నాకు తూకంరాళ్లు తప్ప తెలియవు."

అక్కయ్యగారి గొంతు మారిపోయింది. సస్పెన్షన్, కమిటీ, పోలీసులు అన్నీ ఆ గొట్టం అవతలికి వెళ్లిపోయినట్టు తేటగా మాట్లాడసాగింది.

"ఇటుక ముక్కని గొట్టం లోపల చివరన పెడతాం. దాని వెనక ఈ గాజు కడ్డీ ఆనిస్తాం. మామూలు గాజు కాదమ్మా ఇది. వేడికి తను దాదాపు పెరగదు. ముక్క పెరిగితే కడ్డీని నెడుతుంది, కడ్డీ ముల్లుని నెడుతుంది. నిమిషానికి అయిదు డిగ్రీల చొప్పున వేడి పెంచుకుంటూ పదకొండు వందల దాకా పోతాం. అడ్డంగా వేడి, నిలువుగా పెరుగుదల. అదే గీత."

"చెడ్డ ఇటుకైతే?"

"బట్టీలో సరిగ్గా కాలని ఇటుకలో పచ్చి రాయి మిగిలిపోతుంది. ఆ పచ్చి రాయి అయిదు వందల డెబ్బై మూడు డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది. గీతలో అక్కడ మెట్టు కనబడుతుంది. కొలిమి కప్పులో ఆ ఇటుకలుంటే అన్నీ ఒకేసారి ఒకదాన్నొకటి తోసుకుంటాయి."

డిటెక్టివ్ సీలు సారు వైపు తిరిగింది. "కొలిమి ఎన్నింటికి వెలిగించారు? ఎన్నింటికి కూలింది?"

"నాలుగో తారీఖు పొద్దున ఎనిమిదికి. గంటకి పది డిగ్రీలు పెంచుతూ పోయారు, కొత్త కొలిమి ఏదైనా పద్ధతి అదే. ఆరో తారీఖు మధ్యాహ్నం రెండూ ఇరవైకి కూలింది."

"యాభై నాలుగు గంటల ఇరవై నిమిషాలు. గంటకి పది చొప్పున అయిదు వందల నలభై మూడు. మొదలు ముప్పై డిగ్రీలు. కలపండి."

సీలు సారు కలిపాడు. పెదవి కొరుక్కున్నాడు. "అయిదు వందల డెబ్బై మూడు. లెక్క బాగుంది. కానీ ఇటుకలు చెడ్డవని నేనూ ఒప్పుకున్నానుగా! గీత ఎవరు గీశారన్నది కదా గొడవ."

"వేడి పెరిగే వేగం తెలిస్తే, వేడే గడియారం. అది చెబుదామనే." డిటెక్టివ్ గ్లౌజుల డబ్బా తెరిచింది. తెల్లని నూలు గ్లౌజులు నాలుగు జతలు, ఇస్త్రీ మడతతో. అన్నీ చిన్న కొలత. "ఇవి?"

"మా ఆయన కుట్టినవి. కొన్నవి నా చేతికి వదులు. కడ్డీని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదమ్మా. చెమటలో ఉప్పు అంటుతుంది."

మూడు జతలు చెక్కుచెదరలేదు. నాలుగో జతలో కుడిచేతి గ్లౌజు బొటనవేలి దగ్గర కుట్టు పుటుక్కున తెగి నోరు తెరుచుకుంది. అక్కయ్యగారు దాన్ని అందుకుని తిరగేసి మరగేసి చూసింది. "ఆయన కుట్టు తెగదే! ఎప్పుడూ తెగలేదు."

"ఎలుక కొరికుంటుంది," అన్నాడు డైరెక్టర్.

"ఎలుక కొరికితే బట్ట పోతుంది. ఇక్కడ దారమే తెగింది. పట్టని చెయ్యి దూర్చబోతే తెగినట్టుంది," అన్నది డిటెక్టివ్.

"ఈ ముక్కతో ఏం నిరూపిస్తారు మేడం?" అని సీలు సారు విసుక్కున్నాడు. "దర్జీ మొగుడు, గ్లౌజుల పెళ్లాం. కమిటీ ముందు ఇదా సాక్ష్యం? నాలుగింటికి నవ్వుతారు."

"మీ దగ్గర భూతద్దం ఉందా?"

"పోలీసు ఉద్యోగం వదిలాను గానీ భూతద్దం వదల్లేదు."

"అయితే ఈ గీత చూడండి. మొదట్నుంచీ."

ఆయన కోటు జేబులోంచి ఇత్తడి పిడి భూతద్దం తీసి గ్రాఫు మీదికి వంగాడు. ఎనిమిదేళ్లు వేలిముద్రల విభాగంలో పనిచేసిన మనిషి, చూడటం మొదలుపెడితే శ్రద్ధగానే చూస్తాడు. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి. "గీతకి నూగు ఉంది. పెన్ను వణికినట్టు."

"ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?"

"ముప్పై డిగ్రీల దగ్గర మొదలు. నూట ఎనభై దాకా ఉంది. ఆ పైన... లేదు. నున్నగా ఉంది. మూడు వందల ముప్పై దగ్గర మళ్లీ మొదలు."

"అక్కయ్యగారూ, మీరు గీసిన పాత గ్రాఫులు ఇవ్వండి."

ఆమె బీరువాలోంచి ఏడెనిమిది తెచ్చి పరిచింది. భూతద్దం ఒక్కొక్కదాని మీదుగా నడిచింది. ఏ గీతకూ నూగు లేదు. అప్పుడే గ్లాసులోని నీళ్లు కదిలాయి. పెన్నులు గలగలలాడాయి. పదిన్నర.

సీలు సారు గ్లాసును చూశాడు. గడియారాన్ని చూశాడు. ఆఖరున డిటెక్టివ్‌ను చూశాడు.

"నూట ఎనభై నుంచి మూడు వందల ముప్పై అంటే నూట యాభై డిగ్రీలు," అన్నది ఆమె నింపాదిగా. "నిమిషానికి అయిదు చొప్పున ముప్పై నిమిషాలు. ఈ గదిలో అరగంట పాటు హామర్ ఆగేది ఎప్పుడు?"

"టీ టైములో," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

"నూట ఎనభై డిగ్రీలప్పుడు పది గంటలు. మొదలైంది దానికి అరగంట ముందు. తొమ్మిదిన్నర. నూగు మళ్లీ ఎక్కడ ఆగింది?"

"వెయ్యీ ఎనభై దగ్గర." ఆయన కాగితం అంచు మీదే లెక్క వేసుకున్నాడు. "తొమ్మిదిన్నర నుంచి రెండు వందల పది నిమిషాలు... ఒంటిగంట. హామర్ ఆగే టైము. అక్కడి నుంచి పదకొండు వందలకి నాలుగు నిమిషాలు. పరీక్ష అయింది ఒకటీ నాలుగుకి!"

"తొమ్మిదిన్నరకి ఈవిడ వాళ్లాయనతో ఆసుపత్రి దారిలో ఉంది. పదకొండూ ఇరవైకి ఎక్స్‌రే గది దగ్గర సంతకం పెడుతోంది. సర్టిఫికెట్ టైపు చేసినవాళ్లు ఒకటీ పదిహేను అని ఎందుకు వేశారంటారు? అక్కయ్యగారి పరీక్షలు ఆ టైముకే మొదలవుతాయని తెలుసు కాబట్టి. టైము తెలుసు. ఆ టైమే ఎందుకో తెలియదు. ఏసీ గదిలో తలుపులు వేసుకుని కూర్చుంటే హామర్ వినబడదు మరి."

డైరెక్టర్ నుదురు తుడుచుకున్నాడు. "బాగుంది! అంటే ఎవరో కుర్రసైంటిస్టు చేసుంటాడు. నేను విచారిస్తాను. నేనైతే ఈ మిషన్‌ని పదేళ్లుగా ముట్టుకోలేదు."

"పదేళ్లుగానా?"

"ఒట్టు."

"అక్కయ్యగారూ, కడ్డీ బయటికి తియ్యండి."

ఆమె గ్లౌజులు తొడుక్కుంది. పసిబిడ్డను ఉయ్యాల్లోంచి తీసినంత మెల్లగా గొట్టంలోంచి కడ్డీని లాగి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. నీటిధారలా స్వచ్ఛంగా ఉన్న కడ్డీ మీద, ముక్కకు ఆనే కొసన, పాలచుక్క పడి ఆరినట్టు ఒక తెల్లని మచ్చ.

ఆమె ఉలిక్కిపడింది. "ఇది నా కడ్డీయేనా! ఎవరో ఒట్టి చేత్తో పట్టుకున్నారు!"

"తుడిస్తే పోదా?"

"ఎలా పోతుందమ్మా? చల్లగా ఉన్నప్పుడైతే స్పిరిట్‌తో తుడిస్తే పోయేది. వెయ్యి డిగ్రీలు దాటితే ఆ ఉప్పు గాజునే మార్చేస్తుంది. గాజు తెల్లబడి గట్టిపడిపోతుంది. ఇక జన్మలో పోదు."

ఎవరూ అడగకుండానే సీలు సారు దాని మీద భూతద్దం పెట్టాడు. ఆ తరువాత మాట్లాడిన గొంతులో హేళన ఎక్కడా లేదు.

"గీతలు తెలుస్తున్నాయి. బొటనవేలు. పెద్దది. మధ్యలో ఏటవాలుగా ఖాళీ ఉంది. తెగి మానిన గాటు." ఆయన నెమ్మదిగా నిటారయ్యాడు. "సార్, మీ కుడిచెయ్యి ఒకసారి చూపిస్తారా?"

డైరెక్టర్ చెయ్యి అప్పటికే జేబులోకి వెళ్లిపోయింది.

ఆ తరువాత ఆ భారీ మనిషి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇటుకల ఫ్యాక్టరీ మేనేజరు మా బావమరిది. నా పెళ్లాం తమ్ముడు. 'బావా, బట్టీ సరిగ్గా కాలలేదు, ఈ లాట్ పోతే నా ఉద్యోగం పోతుంది, ఈ ఒక్కసారికి గట్టెక్కించు' అని కాళ్లు పట్టుకున్నాడు. కప్పు కూడా కట్టేశారు, కాగితం కోసమే ఆగారు అన్నాడు. అక్కయ్య వెళ్లిపోయింది, కాగితం మీద సంతకం ఉంది... అంతకుముందు పాసైన నలభై ఆరో లాట్ ముక్క పెట్టాను. గ్లౌజులు పట్టలేదు. కాస్త పగుళ్లిస్తుందేమో అనుకున్నాను గానీ, కూలుతుందనుకోలేదు."

అక్కయ్యగారు కడ్డీని మెత్తని గుడ్డ మీద పడుకోబెట్టింది. "ఒక్క మాట నన్నడగాల్సింది సార్. కూలుతుందని నేను చెప్పేదాన్ని. ఆ మేస్త్రీ కాళ్లు బాగుండేవి." ఆమె ముఖంలో విజయం లేదు. "ఆ రోజు మీరు వెళ్లమంటే దణ్ణం పెట్టి వెళ్లాను."



సీలు సారు తన రిపోర్టు తీసి, చివరి పేజీని నిలువునా కొట్టేశాడు. "తక్కెడ మేడం, ఒప్పుకున్నాను. తక్కువే తూగింది. కమిటీకి నేనే చెబుతాను. మీరు ఇంక ఇంటికి వెళ్లొచ్చు."

కానీ డిటెక్టివ్ కదలలేదు. ఒక చేతిలో అక్కయ్యగారి పరీక్షల రిజిస్టరు, మరో చేతిలో సీలు సారు రిపోర్టు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఏదో తేడా కనబడిన తూకందారులా ముఖం చిట్లించింది.

"రిజిస్టర్లో నలభై ఏడో లాట్ అంటే రెండు వేల నాలుగు వందల ఇటుకలని ఉంది. మీ రిపోర్టులో కూలిన కప్పుకి పదమూడు వందలు పట్టాయని ఉంది. మిగతా పదకొండు వందలు ఏవి?"

"స్పేర్ ఉంచుకుని ఉంటారు."

"కప్పు కట్టేవాళ్లు నూరో, నూటయాభయ్యో స్పేర్ ఉంచుకుంటారు," అన్నది అక్కయ్యగారు. "పదకొండు వందలంటే ఇంకో కప్పు."

ముగ్గురూ డైరెక్టర్ వైపు తిరిగారు.

"సీసాల కార్ఖానా... చిన్న కొలిమి. కొత్తది. ఏడో తారీఖు పొద్దున ఆరింటికి వెలిగిస్తున్నాం, రా బావా అని పిలిచాడు. వెళ్లలేదు. ఇటుకలు వేరే లాట్ అన్నాడు. నాతో అలాగే అన్నాడు!"

డిటెక్టివ్ గడియారం చూసింది. పదకొండూ పది. "యాభై మూడు గంటల పది నిమిషాలు. గంటకి పది. ముప్పై కలిపితే అయిదు వందల అరవై రెండు. ఇంకా గంటా పది నిమిషాలుంది. ఫోన్!"

సీలు సారే నంబరు వెతికి కలిపాడు. స్పీకరు నొక్కాడు. అవతల మోగుతోంది. మోగుతోంది. ఎనిమిదోసారికి ఒక మొరటు గొంతు వినిపించింది.

"కొలిమి దగ్గర్నుంచి. ఎవరండీ?"

"బీమా కంపెనీ దర్యాప్తు అధికారిని. వెంటనే మంట ఆపెయ్యండి."

"భలేవారే! బీమా సార్ల మాటకి మంట ఆపితే మా ఓనరు నన్నే కొలిమిలో పెడతాడు. పెట్టెయ్యండి, పనిలో ఉన్నాం."

అక్కయ్యగారు చెయ్యి చాచి రిసీవరు లాక్కుంది.

"బాబూ, పెట్టెయ్యకు. నీ కప్పు ఎంత లేచింది?"

"రాత్రికీ ఇప్పటికీ అరంగుళం లేచిందమ్మా. కొంచెం ఎక్కువేననిపిస్తోంది. కప్పుని బిగించిన బోల్టులు వదులు చెయ్యడానికి ఇద్దర్ని పైకి పంపాను."

"దించు వాళ్లని. ముందు వాళ్లని దించు. మీటరు ఎంతుంది?"

"అయిదు వందల అరవై రెండు. ఎవరమ్మా మీరు?"

"ఇటుకలు పరీక్ష చేసేదాన్ని. ఆ ఇటుకలు పచ్చివి నాయనా. అయిదు వందల డెబ్బై మూడు దగ్గర ఉబ్బుతాయి. నిన్న లేచినట్టు మెల్లగా కాదు, ఒక్కసారిగా. ఆరో తారీఖున గాజు కొలిమి కూలింది విన్నావా? అవే ఇటుకలు."

"అమ్మ బాబోయ్! ఆపేస్తున్నా..."

"ఆపకు! ఒక్కసారిగా ఆర్పేసినా పగులుతాయి. మంట సగానికి తగ్గించు. కాసేపు ఇంకా ఎక్కుతుంది, కంగారుపడకు. నిమిషనిమిషానికీ మీటరు చదువు. నేను వింటుంటాను."

చెప్పులు పరిగెత్తిన చప్పుడు. ఎవరినో దిగమన్న కేకలు. చక్రం తిప్పిన కీచుమోత. ఆ తరువాత ఆ గొంతు ఒగరుస్తూ తిరిగొచ్చింది.

"ఇద్దరూ దిగారమ్మా. అయిదు వందల అరవై నాలుగు."

డిటెక్టివ్ రాసుకుంది. సీలు సారు చేతిలోని లక్కకడ్డీని తెలియకుండానే విరిచేశాడు.

"అరవై ఆరు."

"ఇంకాస్త తగ్గించు. వేలెడంత."

"అరవై ఏడు... అరవై ఏడే... అరవై ఏడు."

గ్లౌజు తొడిగిన చేతిలో రిసీవరు కదలలేదు.

"అమ్మా! అరవై ఆరు! దిగుతోంది!"

అక్కయ్యగారు కళ్లు మూసుకుని తెరిచింది. సీలు సారు పక్కకు తిరిగి, జేబురుమాలుతో భూతద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడవవలసినంత మురికి దాని మీద లేదు.

"అమ్మా, ఒక సంగతి," అన్నది ఫోనులోని గొంతు, చిన్నబోయి. "ఇటుకల మేనేజరు గారు ఇందాకే ఫోన్ చేశారు. ఏం జరిగినా సరే మంట తగ్గించొద్దు, కొలిమి ఈరోజు ఆరు వందలు దాటాలి అని. ఇప్పుడు గేటు దగ్గర దిగుతున్నారు. ఇంకో నలుగురున్నారు. వచ్చి మంట పెంచమంటే నేనేం చెయ్యను?"

అంటే ఆ మేనేజరుకు అంతా తెలుసు. పచ్చి ఇటుకలు కూలి ముక్కలైపోతే, వాటి మీది లాట్ నంబరు కూడా వాటితోపాటే పోతుంది. డిటెక్టివ్ నోటు పుస్తకం మూసింది. సీలు సారు అప్పటికే లక్కపెట్టె సంచిలో పడేసుకున్నాడు.

"లేవండి తక్కెడ మేడం. కార్ఖానా ఇరవై నిమిషాలు. దారిలో స్టేషన్‌కి నేను చెబుతాను. మంట చక్రానికి ఈ చేత్తోనే సీలు వేస్తాను, ఎవడు తిప్పుతాడో చూస్తాను. డైరెక్టర్ గారూ, మీరూ పదండి. మీ బావమరిదికి మీరే నచ్చచెబుదురు గాని."

డైరెక్టర్ లేచాడు. గుమ్మం దగ్గర డిటెక్టివ్ వెనక్కి తిరిగి చూసింది. సస్పెండైన టెక్నీషియన్ స్టూలును యంత్రం దగ్గరికి లాక్కుని, తెల్లకాగితం ఒకటి ముందు పెట్టుకుంది. అలవాటు ప్రకారం మొదట కింద మూలన తేదీ, సంతకం వేసింది. ఆ తరువాత పైన రాయడం మొదలుపెట్టింది: పదకొండూ ఇరవై నాలుగు, అయిదు వందల అరవై ఆరు.

"గది తలుపు లోపల్నుంచి గడియ పెట్టుకో బాబూ," అంటోంది ఫోనులో. "మంట చక్రం దగ్గర్నుంచి కదలకు. మనవాళ్లు బయల్దేరారు. వాళ్లొచ్చేదాకా నేను లైన్లోనే ఉంటాను. చదువు."